ఎర్ర ఊలు కట్టిన చెట్టు

బార్స్ కార్నర్, నోవా స్కోషియా
16 నవంబర్ 1986

హిల్డా వదినకు,

తుంటి ఆపరేషన్ అయ్యాక లేచి నడుస్తున్నావా, లేక నర్సులందరికీ నర్సు పాఠాలు చెబుతూ మంచం మీదే ఉన్నావా? జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. పెన్ను పట్టుకుంటే వేళ్ళకి అతుక్కుపోతోంది, అంత బంక. చెట్ల యార్డులో పని మొదలైంది. పొద్దున వెళ్ళిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా ఒకటే పని. క్రిస్మస్‌కి అమ్మే ఫర్ చెట్టుని మొదలు వైపు నుంచి గరాటులోకి తోస్తాను, అవతలి మనిషి లాగుతుంది, చుట్టూ తాడు బిగుసుకుంటుంది, ఎత్తి లారీలో పడేస్తారు. ఆ లారీలన్నీ మీ బోస్టన్‌కే వస్తున్నాయి. మీ వీధి చివర ఎక్కడైనా వంకరగా కట్టిన చెట్టు కనిపిస్తే, అది మీ మరదలి పనేనని చుట్టుపక్కల చెప్పుకో.

ఇంటికొచ్చి చేతులకి వెన్న రాసుకుని బంక వదిలించుకుంటూ ఉంటే ట్రూడీ పక్కన చేరి, "అమ్మ దగ్గర క్రిస్మస్ వాసన వస్తోంది" అంటుంది. దానికి ఎనిమిదేళ్ళు, దానికి ఏదైనా బాగానే ఉంటుంది. నేను మాత్రం ఆ వాసన పోవాలని ఇంకో ముద్ద వెన్న తీసుకుంటాను.

అందుకని ఒక మాట ముందే చెప్పేస్తాను, తిట్టేదేదో ఒకేసారి తిట్టు. ఈ ఏడు చెట్టుకి అడివికి వెళ్ళడం లేదు. కాటలాగులో చూసి ఒక ప్లాస్టిక్ చెట్టు తెప్పించాను. అట్టపెట్టెలో వచ్చింది, వసారాలో ఉంది. గొడుగు తెరిచినట్టు తెరిస్తే చాలట. మీ తమ్ముడు ఉంటే నన్నూ ఆ పెట్టెనూ కలిపి బయట పెట్టేవాడు. ఆయన లేడు కాబట్టే తెప్పించాను.

గ్లెండా సంగతి ఏం రాయను? పదహారేళ్ళ పిల్ల, బడి నుంచి వస్తుంది, గదిలోకి పోతుంది. మార్చిలో ఆయన పోయిన దగ్గర్నుంచి ఇంతే. ఉలుకూ పలుకూ లేదు. చెట్టు మాటెత్తితే, "నాన్న లేకుండా ఆ అడివిలోకి నేను రాను. మీరు పొండి" అంది. నేనూ ఆ పిల్లా రానంటే ఇక మిగిలింది ట్రూడీ. అది ప్లాస్టిక్ చెట్టు పెట్టె చుట్టూ తిరిగి, "దీంట్లో పిట్టగూడు ఉంటుందా అమ్మా" అని అడిగింది. చెట్టులో పిట్టగూడు దొరికితే ఆ ఏడు బాగుంటుందని వాళ్ళ నాన్న చెప్పాడుగా. ఉండదన్నాను.

కాళ్ళు పీకుతున్నాయి. పడుకుంటాను.

నీ ఎల్వా


క్విన్సీ, మసాచుసెట్స్
25 నవంబర్ 1986

ఎల్వా,

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కాబట్టి, పూర్తి మొగుడు లేని లోటు ఈ ఉత్తరంలో కొంత తీరుస్తాను.

లూనెన్‌బర్గ్ కౌంటీలో ప్లాస్టిక్ చెట్టా? ఎవరైనా వింటే నవ్వరూ? సముద్రం ఒడ్డున కూర్చుని డబ్బాలో చేప తిన్నట్టుంటుంది, నువ్వు చేపలోళ్ళ పిల్లవి, నీకు ఆ బాధ తెలియాలి. ఇంటి వెనక మా తాత అడివి ఉంది. మా నాన్న పెంచాడు, తమ్ముడు లోర్న్ పెంచాడు. ఆ పెట్టె ఎవరైనా చూడకముందే కొట్టు గదిలో దాచెయ్.

నువ్వు అలిసిపోయావని నాకు తెలుసు. నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఇతరుల పడకలు సర్దినదాన్ని, అలసట గురించి నాకు చెప్పకు. కానీ చెట్టుకి వెళ్ళడం మొక్కుబడి కాదు. డిసెంబరులో ఒక ఆదివారం అందరం కలిసి ఆ దారిలో నడవడం, ఒకే ఫ్లాస్కులో టీ తాగడం, ఏ చెట్టు అన్న దగ్గర కొట్టుకోవడం, అదే మా ఇల్లు. ఇంకో ఇల్లు నాకు లేదు. క్విన్సీలో ఉన్నది అద్దె గది. ఒక్క ఏడు ఆగితే రెండో ఏడు ఆగడం ఇంకా తేలిక. మూడో ఏటికి ఎవరికీ గుర్తుండదు.

గ్లెండాని లాక్కుపో. ఏడిస్తే ఏడవనీ. కొయ్యడం మాత్రం జాగ్రత్త. నీకు తెలియదని కాదు, రంపం ఎప్పుడూ లోర్నే పట్టేవాడు కాబట్టి చెబుతున్నాను. ముందు పారతో మంచు తవ్వాలి. అడుగున ఒక వరస కొమ్మలు కనిపించేదాకా తవ్వాలి. మోకాళ్ళ మీద కూర్చుని ఆ వరసకి పైన కొయ్యాలి. ఆ కొమ్మల్లో ఒకటి తల పైకెత్తి మళ్ళీ చెట్టవుతుంది. వరసకి కింద కోశావా, మొదలు చస్తుంది, ఇక అక్కడ ఏమీ రాదు. "చెట్టు మీరు పట్టుకుపోండి, మొదలు నాకు వదలండి" అనేవాడు మా నాన్న.

ఎర్ర ఊలు కట్టిన చెట్టు సంగతి నీకు తెలిసిందే. దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

నేను కర్రతో వసారా దాకా నడుస్తున్నాను. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు, లేకపోతే ఆ పెట్టెని నేనే వచ్చి తగలేసేదాన్ని.

హిల్డా


బార్స్ కార్నర్
14 డిసెంబర్ 1986

వదినా,

సంతోషించు. వెళ్ళాం.

వెళ్ళిన వైనం రాయాలంటే మళ్ళీ అంత దూరం నడిచినట్టే ఉంది. శుక్రవారం పెద్ద మంచు పడింది, శనివారం గాలికి ఎక్కడిదక్కడ పోగుపడింది. ఆదివారం పొద్దున ఆర్నాల్డ్ హిర్టిల్ ఎద్దుల్ని కట్టుకుని మంచుబండి తోలుకొచ్చాడు. పక్క పొలం ఆర్నాల్డే, లోర్న్‌తో కలిసి బళ్ళో బెంచీలు విరగ్గొట్టినవాడు. నేను పిలవలేదు. గుమ్మంలో నిలబడి, "లోర్న్ ఉన్నప్పుడు నన్నెప్పుడూ రమ్మనలేదు, నేనూ రాలేదు. ఇప్పుడు దారి తొక్కడానికి ఎద్దులు కావాలి కదా అని వచ్చా" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడితే నోరు అరుగుతుందేమోనని భయం ఆ మనిషికి.

వేయించిన సాసేజీ పెట్టి రొట్టెలు కట్టాను, బెల్లం పాకం బిస్కట్లు, ఫ్లాస్కులో టీ. ప్రతి ఏడూ కట్టినట్టే కట్టాను, చెయ్యి అలవాటున ఆయన రొట్టె కూడా కట్టింది. అది ఆర్నాల్డ్ తిన్నాడు. ఎద్దులకి కూడా ఒక ముక్క పెట్టాడు.

గ్లెండా వచ్చింది. ఎలా వచ్చిందంటే, ట్రూడీ వెళ్ళి దాని మంచం మీద కూర్చుని, "నువ్వు రాకపోతే నాన్న మిట్టెన్లు నేను వేసుకుంటా" అందట. దాంతో లేచి ఆ మిట్టెన్లు తనే చేతులకి తొడుక్కుని బండెక్కింది. అడివి అంచున బండి దిగి నడిచాం. మంచు తొడల దాకా ఉంది, నా కాళ్ళు నావి కావనిపించింది. అడివి మలుపు దగ్గర ఒక మొద్దు మీద కూర్చుని, వీళ్ళు వెళ్ళొచ్చేదాకా ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాను. లేవమని చెప్పడానికి మీ తమ్ముడు లేడు, నేనే చెప్పుకుని లేచాను.

ఎర్ర ఊలు చెట్టే కోశాం, నువ్వు గుర్తుచేశావు కదా. పల్లంలో ఉంది, చక్కటి చెట్టు. నిరుడు ఆయన ఊలు కట్టి "వచ్చే ఏడు ఇదే" అన్నాడు. పిట్టగూడు లేదు. ట్రూడీ ఇంటికొచ్చాక దూదితో ఒకటి చేసి పెట్టింది.

ఇప్పుడది ముందు గదిలో ఉంది. ఇల్లంతా వాసన. పొద్దున యార్డు, సాయంత్రం ఇల్లు, నాకు ఎటు చూసినా ఫరే. ప్లాస్టిక్ చెట్టు కొట్టు గదిలో ఉంది. నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను కాబట్టి ఇక ఈ పండక్కి నన్ను వదిలెయ్.

ట్రూడీ నీకు దూది పిట్టని కూడా పంపుతోంది. కవరులో నలిగిపోతే పిట్ట అనుకుని చూడు.

ఎల్వా


క్విన్సీ
29 డిసెంబర్ 1986

ఎల్వా,

దూది పిట్ట చేరింది. ట్రూడీకి నా ముద్దులు.

పండగ రోజున మైర్టిల్ ఫోను చేసింది. మా చిన్నాన్న కూతురి నోట్లో నువ్వుగింజ నానదని నాకూ తెలుసు, కాబట్టి సగం తీసేసి విన్నాను. ఆ మిగిలిన సగమే చాలు. మంచు చెప్పులు వేసుకుని పల్లం వైపు వెళ్ళిందట. "ఎర్ర ఊలు చెట్టు లేదు హిల్డా, మొదలు కూడా లేదు. నేల చదునుగా ఉంది. ఆర్నాల్డ్ హిర్టిల్ మొదలంటా కోసేశాడు. నీ మరదలు అతని బండి మీద నవ్వుతూ వచ్చింది, ఊరంతా చూసింది" అంది.

నేను గుర్తుచేసింది కొయ్యమని కాదు. ముట్టుకోవద్దని.

అది నా మొదలు. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న అక్కడ చెట్టు కోసి, మిగిలిన వరసలో ఏ కొమ్మ ఉంచాలో నన్ను చెప్పమన్నాడు. నేను చెప్పిన కొమ్మే చెట్టయింది. అది కోశాక మళ్ళీ నేనే చెప్పాను. నేను బోస్టన్ వచ్చేశాక కూడా నాన్న ఉత్తరం రాసి అడిగి మరీ కొమ్మ ఉంచేవాడు. తర్వాత లోర్న్ అడిగేవాడు. ఇప్పుడు మీరు కోసింది నాలుగో చెట్టు. "రిటైరవుతున్నావుగా అక్కా, వచ్చే క్రిస్మస్‌కి ఇంటికి రా, నీ చెట్టు నీ ఎదురుగా కోద్దాం, ఊలు కట్టి ఉంచాను" అని నిరుడు వాడే అన్నాడు. వాడు పోయాడు, నా తుంటి పోయింది, ఆ చెట్టు నిలబడి ఉంటే ఎప్పటికైనా వెళ్తాను అనుకున్నాను.

నీకు ఆర్నాల్డ్ తోడు కావాలంటే తెచ్చుకో. నీ వయసు ఎంతని. కానీ నా మొదలు దగ్గరికి తీసుకెళ్ళి అతని చేతికి రంపం ఇవ్వాల్సింది కాదు.

హిల్డా


బార్స్ కార్నర్
18 జనవరి 1987

హిల్డా గారికి,

మీ ఉత్తరం అందింది. కొన్నాళ్ళు ఫ్లవర్ వేజు కింద పెట్టి ఊరుకున్నాను. చదివితే మళ్ళీ నీరసం వస్తోంది.

అది మీ మొదలని నాకు తెలియదు. ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో కాపురం చేశాను, మీ తమ్ముడు ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. "అక్క మొదలు" అని మీలో మీరు చెప్పుకునే ఉంటారు. నేను సముద్రం వైపు దాన్ని, నాకు అందరి చెట్లూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఊలు కట్టారు, వచ్చే ఏడు ఇదే అన్నారు, మీరు గుర్తుచేశారు, కోశాం. "ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాట రాయడానికి మీకు సిరా అయిపోయిందా?

ఆర్నాల్డ్ గురించి మీరు రాసింది ట్రూడీ చూడకుండా చింపేశాను. ఆ మనిషి దారి తొక్కిపెట్టాడు. నేను బండి మీద నవ్వానట. నవ్వానేమో. ట్రూడీ ఎద్దుకి పాట పాడుతోంది. నేను నవ్వి ఎన్నాళ్ళయిందో మైర్టిల్ లెక్కపెట్టుకుంటోంది కాబోలు.

పండగ రోజుల్లో ముసుగు వేషాల వాళ్ళు ఈ ఏడు కూడా ఇంటింటికీ తిరిగారు. మా ఇంటికి రారనుకున్నాను, చావు ఇల్లు కదా. వచ్చారు. గంటలు మోగించకుండా, అరవకుండా, వచ్చి వంటింట్లో వరసగా నిలబడ్డారు. కేకు కోసి పెట్టాను. ఏ ముసుగు వెనక ఎవరున్నారో ఇంటివాళ్ళు కనిపెట్టాలి కదా, ట్రూడీ ఒక పొడుగు ముసుగు దగ్గరికెళ్ళి వాసన చూసి, "ఎద్దులు" అంది. ఆర్నాల్డ్ ముసుగు తీసేశాడు. అందరం నవ్వాం. ఇదీ మైర్టిల్‌కి చెప్పండి, ఇంకొక ఫోనుకి సరిపోతుంది.

ప్లాస్టిక్ చెట్టు పెట్టుకుని ఊరుకుంటే ఈ గొడవే ఉండేది కాదు. నేను చెప్పాను, వెళ్ళనని. నన్ను తోసి పంపించింది మీరు. ఇప్పుడు నన్ను దోషిని చేసిందీ మీరే.

మొదలు ఉందో పోయిందో నాకు తెలియదు. దాని మీద మళ్ళీ మంచు పడింది, వాన పడి గడ్డకట్టింది.

ఎల్వా వెంట్‌జెల్


క్విన్సీ
8 ఫిబ్రవరి 1987

ఎల్వా,

నన్ను మీరు అని రాశావు. పెళ్ళయిన మొదటి నెలలో కూడా నువ్వు నన్ను మీరు అనలేదు.

నేను కోపంగా రాశాను, ఒప్పుకుంటాను. కానీ నా బాధ కూడా ఒకసారి చూడు. అమ్మా నాన్నా పోయారు, ఇప్పుడు తమ్ముడు పోయాడు. అక్కడ నా పేరు మీద కాగితం లేదు, గది లేదు. ఒక చెట్టు మొదలు ఉండేది. అది కూడా నేలమట్టమయితే ఆ ఊరికి నేను ఎవర్ని? చుట్టం చూపుగా వచ్చే బోస్టన్ ముసలిదాన్ని.

ఈ వేసవికి రాను. నా కోసం మంచం మీద దుప్పట్లు మార్చే పని నీకు తప్పుతుంది. గ్లెండాకి, ట్రూడీకి పుట్టినరోజులకి పంపేవి పంపుతాను.

హిల్డా


బార్స్ కార్నర్
15 మార్చి 1987

వదినా,

ఇవాళ ఆయన పోయి ఏడాది. చర్చి నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను. విప్పితే మళ్ళీ లేవను.

నేను నీతో నిజం చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు, నీళ్ళు నమిలాను. నీకు ఎవరి మీద కోపం వచ్చినా ఫరవాలేదు గాని ఆ పిల్ల మీద రాకూడదని ఊరుకున్నాను. అది అక్కడితో ఆగలేదు. దుప్పట్లు మార్చే పని తప్పుతుందని నువ్వు రాశావు చూడు, ఆ మాట గ్లెండా చదివింది. చదివి, "అత్తయ్య రాకపోవడం నా వల్ల" అంది. నెలల తరబడి నోరు విప్పని పిల్ల విప్పిన మాట అది. కాబట్టి రాస్తున్నాను, విను.

ఆ చెట్టు ఆర్నాల్డ్ కొయ్యలేదు. అతను పార పట్టుకుని మంచు తవ్వడం మొదలుపెట్టాడు, పద్ధతి ప్రకారమే. రెండు పారలు తీశాడో లేదో, గ్లెండా వెనక నుంచి వచ్చి అతని చేతిలో పార లాగేసింది. "ఇది మా నాన్న చేసే పని. మీరెవరు తవ్వడానికి?" అంది. ఆర్నాల్డ్ పక్కకి తప్పుకున్నాడు, పాపం, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "సరేనమ్మా, నువ్వే తవ్వు" అన్నాడు. అది తవ్వలేదు. వాళ్ళ నాన్న రంపం తీసుకుని మంచు మీద బోర్లా పడుకుంది. చెయ్యి భుజం దాకా మంచులోకి దూర్చి, కనపడకుండానే కోసింది. ఏడుస్తూ కోసింది. మొహం మంచులో ఉంది కాబట్టి మాకు కనిపించదనుకుంది. నేను ఆపాలి. ఆపే ఓపిక నాకు లేదు వదినా. తొమ్మిది నెలలుగా ఏడవని పిల్ల ఏడుస్తోంది, ఏడవనీ అని నువ్వే రాశావు, నేను నిలబడి చూశాను. చెట్టు పడింది. ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

వరసకి పైన కోసిందో కింద కోసిందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. తవ్వి చూద్దామని ఒకసారి ఆ మలుపు దాకా వెళ్ళాను. చూడకుండానే వచ్చేశాను. ఉత్తుత్తి ఆశే అయినా, అది కూడా పోతే గ్లెండాకి నేనేం చెప్పను? నాన్నకి ఇష్టమైన అత్తయ్య చెట్టుని నువ్వే చంపావని చెప్పనా?

నిన్ను రమ్మని అడగను. ఆ పిల్లకి మాత్రం ఒక ముక్క రాయి. కోపంగా రాసినా సరే. నువ్వు పలకడం మానేశావని అది అనుకోకూడదు.

నీ ఎల్వా


క్విన్సీ
2 ఏప్రిల్ 1987

ఎల్వా,

నీ ఉత్తరం పట్టుకుని కింద వాటా ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఐరిష్ మనిషి, ఎందుకని అడగకుండా టీ పెట్టి ఇచ్చింది.

ముందు గ్లెండాకి. ఈ ఉత్తరం చివర వేరే కాగితం ఉంది, అది దానిదే, నువ్వు చదవకు. దానికి కోపం లేదని రాశాను. వాళ్ళ నాన్నకి పదేళ్ళప్పుడు మా అమ్మ పోతే, వాడు గొడ్డలి తీసుకుని కోళ్ళ గూడు విరగ్గొట్టిన సంగతి కూడా రాశాను. కోళ్ళు వారం రోజులు మా వంటింట్లో తిరిగాయి. ఆ ఇంటి మనుషులు ఏడుపు చేతుల్తో ఏడుస్తారు.

ఆర్నాల్డ్ గురించి నేను రాసినదానికి, అతనికి నా తరఫున ఏదైనా వండి పెట్టు. క్షమాపణ చెబితే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతాడు.

ఇప్పుడొక మాట అడుగుతాను. కోపంలో ఉన్నప్పుడు నాకు తట్టలేదు. మైర్టిల్ నేల చదునుగా ఉందంది. అది చూసింది నేలనా, మంచునా? గాలికి మంచు పోగుపడిందని నువ్వు అప్పుడే రాశావు. ఆ పల్లంలో గాలి మంచుని తెచ్చి కుమ్మరిస్తుంది. చిన్నప్పుడు అక్కడ నేను ఛాతీ దాకా దిగిపోతే లోర్న్ నన్ను స్కార్ఫు పట్టుకుని లాగాడు. గ్లెండా పైన పడుకుంది, చెయ్యి భుజం దాకా దూర్చింది. దాని చెయ్యి ఎంత పొడుగు?

నేను ఆశ పెట్టడం లేదు. అడుగుతున్నాను, అంతే. మంచు పోయేదాకా ఎవరూ తవ్వకండి.

హిల్డా


బార్స్ కార్నర్
10 మే 1987

హిల్డా వదినకు,

మే నెల వచ్చినా ఆ పల్లంలో మంచు పోదు, నీకు తెలుసు. మిగతా చోట్లన్నీ గడ్డి వచ్చాక కూడా అక్కడ ఒక మురికి తెల్ల దుప్పటి పడి ఉంటుంది. గ్లెండా రోజూ బడి నుంచి వచ్చాక వెళ్ళి చూసి వచ్చేది. నాకు చెప్పేది కాదు. బూట్ల మీద బురద చూసి తెలుసుకునేదాన్ని.

నిన్న నేను పాలు కాస్తుంటే తలుపు తోసుకుని వచ్చింది. రొప్పుతోంది. "అమ్మా, నా నడుం దాకా ఉంది" అంది.

"ఏమిటే?"

"మొదలు. నడుం దాకా ఉంది. రెండు వరసలున్నాయి. పచ్చగా ఉన్నాయి. నువ్వు రా."

పాలు దించకుండా వెళ్ళాను. పొంగి పొయ్యంతా మాడిపోయింది, ఆ మాడు వాసన ఇంకా పోలేదు. వెళ్ళి చూస్తే గుంజలా నిలబడి ఉంది వదినా. మంచు బరువుకి కొమ్మలు కిందికి వంగాయి గాని ఒక్కటీ విరగలేదు. అది బోర్లా పడుకున్న మంచే అంత ఎత్తు ఉందన్నమాట. నువ్వు చెప్పినట్టే. నేను ఆ తడి నేల మీద కూర్చుండిపోయాను. కాళ్ళల్లో శక్తి లేక ఎన్నోసార్లు కూర్చున్నాను ఈ ఏడాదిలో, ఇలా కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ట్రూడీ పరుగెత్తుకెళ్ళి ఆర్నాల్డ్‌ని పిలుచుకొచ్చింది. అతను చుట్టూ తిరిగి చూసి, "ఇంత ఎత్తున వదిలితే పై వరస లేస్తుంది, అడుగుది చచ్చిపోతుంది. లోర్న్ అయితే అడుగుదే ఉంచేవాడు" అన్నాడు. అని, రంపం గ్లెండాకిచ్చి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

గ్లెండా మోకాళ్ళ మీద కూర్చుంది. వాళ్ళ నాన్న కూర్చున్నట్టే, ఒక చెయ్యి నేల మీద ఆనించి. అడుగు వరసకి నాలుగు వేళ్ళ పైన రంపం పెట్టింది. ఈసారి చూసుకుంటూ కోసింది, నెమ్మదిగా. మొహం కడుక్కున్నట్టు కన్నీళ్ళు, అయినా కోత తిన్నగా వచ్చింది. పై ముక్క తీసి పక్కన పెట్టింది. అది పొయ్యిలోకి వస్తుంది. సాయంత్రాలు ఇంకా చలిగానే ఉన్నాయి కదా అని తీయబోతే, "ఉండనీ అమ్మా, అత్తయ్య వచ్చిన రోజు వేద్దాం" అంది. వసారాలో మొదట ప్లాస్టిక్ చెట్టు పెట్టె పెట్టిన చోట నిలబెట్టింది. పెట్టెని చర్చి సంతకి ఇచ్చేశాను. ఎవరు కొంటారో గాని, మైర్టిల్ దాని చుట్టూ తిరుగుతోందట.

అడుగు వరసలో ఐదు కొమ్మలున్నాయి. ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి. ఆర్నాల్డ్ ఒకటి చూపించాడు, ట్రూడీ ఒకటి చూపించింది. గ్లెండా దేన్నీ ముట్టుకోనివ్వలేదు. "ఇది అత్తయ్య మొదలు. అత్తయ్య చెప్పాలి" అంది.

నీ మంచం మీద దుప్పట్లు మార్చాను.

నీ ఎల్వా


క్విన్సీ
19 మే 1987

ఎల్వా,

పోర్ట్‌లాండ్ నుంచి ఓడకి టికెట్టు తీసుకున్నాను, జూన్ మొదటి శనివారం. యార్మత్ రేవు దగ్గరికి ఎవరినైనా పంపు. ఆర్నాల్డ్ అయినా ఫరవాలేదు, ఎద్దుల వాసన నాకు పడుతుంది. ఎద్దుల్ని మాత్రం తేవద్దను, తుంటి ఆ కుదుపుకి ఆగదు.

గ్లెండాకి చెప్పు. నేను వస్తాను, ఆ పల్లం దాకా కర్రతో నడుస్తాను, ఎంతసేపు పట్టినా నడుస్తాను. కానీ కొమ్మ నేను ఎంచను. ఏడేళ్ళప్పుడు నేను చెప్పిన కొమ్మ కోతకి వచ్చేసరికి నేను నర్సు చదువుకి పెట్టె సర్దుకుంటున్నాను. ఇప్పుడు ఉంచే కొమ్మ చెట్టయ్యేనాటికి నేను ఉంటానన్న నమ్మకం లేదు. దాన్ని కోసేదెవరో, దాని కింద టీ తాగేదెవరో, వాళ్ళే ఎంచాలి. నాన్న నాకిచ్చినట్టే నేను గ్లెండాకి ఇస్తున్నాను. ఇక అది గ్లెండా మొదలు.

అది ఏ కొమ్మ అంటే ఆ కొమ్మే. నాకు వేరేది నచ్చినా నోరు మూసుకుంటానని మాట ఇస్తున్నాను. మూసుకోలేకపోతే నువ్వు నా నోట్లో బిస్కట్టు పెట్టు.

మోకాళ్ళ మీద కూర్చోలేను, డాక్టరు చంపేస్తాడు. నిలబడి చూస్తాను. ఊలు నేనే తెస్తున్నాను. ఎర్రది, పెద్ద ఉండ. కొట్టువాడు ఏం అల్లుతున్నారమ్మా అని అడిగాడు. ఏమీ అల్లనన్నాను. ఒక చెట్టుకి కట్టాలి, అది ఇంకా మొలవలేదన్నాను.

హిల్డా